కింద కూర్చుని చెప్పేవాడు

కోరుట్ల బస్టాండు గోడకు కట్టిన ఫ్లెక్సీలో ఆయన ముఖం కనిపించింది. నీళ్ల సీసా కొందామని బస్సు దిగినవాణ్ని అక్కడే నిలబడిపోయాను. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి, మనుమరాలి పాత వాచకాలు ముందు పెట్టుకుని. ఇప్పటికీ తడుముకుంటూనే చదువుతాను. ముఖం గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు, కింద ఏం రాశారో తెలియడానికి కావాలి. 'మా గురువు గారికి కన్నీటి నివాళి' అని ఉంది. చివరి మాట దగ్గర ఆగాను. నేనే తప్పు చదివానేమోనని మళ్లీ మొదటి నుంచి పట్టుకున్నాను. రెండోసారీ అదే ఉంది.

డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సులో నా మనుమరాలు అఖిల కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆ రోజు సిరిసిల్లలో ఆడపిల్లల కబడ్డీ సెలక్షన్. ఫ్లెక్సీలో ఉన్న మనిషి ఆ పిల్లకు కబడ్డీ నేర్పినవాడు. కొన్ని రోజులుగా ఆయన గ్రౌండుకు రావడం లేదు, కరీంనగర్ ఆసుపత్రిలో ఉన్నాడని తెలుసు. సెలక్షన్ కాగానే ఇద్దరం పోయి చూసి వద్దామనుకున్నాం.

నీళ్లు కొనకుండానే ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాను. చెప్పలేదు. చెబితే ఆట పోతుంది. చెప్పకుంటే అక్కడ ఎవరి నోటనో వింటుంది, అప్పుడూ పోతుంది. బస్సు వేములవాడ దారి పట్టాక కూడా ఇదే లోపల తిరుగుతూ ఉంది.

దానికి తోడు ఇంకో గుబులు. పొద్దున ఇంటి మెట్లు అఖిల పక్కకు తిరిగి దిగడం చూశాను. ఎడమ మోకాలు బాగున్నప్పుడు ఆమె మెట్లు అట్లా దిగదు. ఆ మోకాలి గురించి ఆమె ఆయనకు ఒక మాట ఇచ్చింది. మాట తీసుకున్నవాడు ఇప్పుడు గోడ మీద బొమ్మై ఉన్నాడు. ఇక ఆ మాటను ఎవరు అడుగుతారు?

ఆయన పేరు రాయను. పేరెత్తి పొగిడితే ఆయనకు గిట్టేది కాదు, పోయినాక మాత్రం గిట్టుతుందని ఎట్లా అనుకుంటాను. కోరుట్ల బజారులో ఉస్తాద్ అనేవారు. ఆడపిల్లలు సార్ అనేవారు. నేను సాబ్ అనేవాణ్ని, ఆయన నన్ను గౌడ్ సాబ్ అనేవాడు. బడిలో ఆటల మాస్టరుగా పనిచేసి, రిటైరైన తర్వాత కూడా పొద్దున్నే గ్రౌండుకు వచ్చి చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలకు కబడ్డీ నేర్పాడు. అంతకుమించి ఆయన చరిత్ర నాకు తెలియదు. అడగలేదు కూడా.

పాత స్కూటరు మీద వచ్చేవాడు. అది ఒక పక్కకు వాలి నడిచేది, ఆయన ఇంకో పక్కకు వాలి దాన్ని సరిచేసేవాడు. దూరం నుంచి చూస్తే ఇద్దరు పోట్లాడుకుంటూ వస్తున్నట్టు ఉండేది. చొక్కా కాలరు కింద మడతపెట్టిన రుమాలు. మెడలో ఈల ఉండేది కాదు. ఆట నడుస్తుండగా ఒక్క మాట అనేవాడు కాదు. ఆట ఆగాక తప్పు చేసిన పిల్ల దగ్గరికి నడిచిపోయి, ఆ పిల్ల ముందు మట్టిలో గొంతుక్కూర్చునేవాడు. పిల్ల నిలబడి ఉండేది, ఆయన కింద నుంచి ముఖం పైకెత్తి చెప్పేవాడు. కాలు ఎక్కడ పడిందో, ఎక్కడ పడాలో వేలితో మట్టిలో గీసి చూపేవాడు. అంత వయసు మనిషి పిల్లల కాళ్ల దగ్గర కూర్చోవడం నాకు మొదట్లో నచ్చలేదు. ఇదేం పద్ధతని ముఖం మీదే అడిగాను.

"పైకెల్లి చెప్తె తిట్టయితది గౌడ్ సాబ్," అన్నాడు. "కిందికెల్లి చెప్తె మాటయితది."

కింద నుంచి చెబితేనే మాట అవుతుందని విన్నాక ఆయన మీద కొంచెం గురి కుదిరింది. ఎందుకంటే మా పనిలోనూ చెప్పేవాడు కిందనే ఉంటాడు. నేను కల్లు గీసిన మనిషిని. మా నాయన తాటిచెట్టు మొదట్లో నిలబడి, పైనున్న నాకు కాలు ఎక్కడ పెట్టాలో చెప్పి నేర్పాడు.

రోజుకు ఒక పిల్లకు ఒక్క తప్పే చెప్పాలని ఆయన కట్టడి. రెండోది కనిపించినా చెప్పడు. వేలెత్తి "కల్" అనేవాడు, రేపు అని. పిల్లలు తిట్టుకైనా అంత భయపడేవారు కాదు, ఆ 'కల్'కు భయపడేవారు. ఒక పిల్ల ఆయన స్కూటరుకు అడ్డం నిలబడి, ఆ రెండోది ఏందో ఇప్పుడే చెప్పమని, లేకుంటే తనకు అన్నం సయించదని మొండికేసింది. ఆయన స్కూటరును వంచి పక్కనుంచి పోయాడు. రెండు చెబితే ఒక్కటి కూడా యాదుండదని తర్వాత నాతో అన్నాడు.

శుక్రవారం నాడు అంతా తిరగబడేది. ఆట అయ్యాక, ఆయన నమాజుకు పోయే ముందు, ఆయన తప్పు పిల్లలు చెప్పాలి. ఆ రోజు పిల్లలు మట్టిలో కూర్చునేవారు, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం దించి నిలబడేవాడు. ఏం చెప్పినా "ఔ" అనాలే తప్ప ఇంకో మాట అనకూడదని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. ఎందుకట్లా చేశానంటే అని మొదలుపెట్టకూడదు. మొదటి శుక్రవారాలు ఎవరూ నోరు విప్పలేదు. మాస్టరుకు తప్పు చెప్పడం మా వైపు ఎక్కడుంది? చివరికి అందరిలోకీ చిన్నపిల్ల ఒకతి లేచింది.

"సార్, మీరు దగ్గరికచ్చి చెప్తాంటె జర్దా వాసనకు మాకు మాట ఇనబడతలేదు."

మిగతావాళ్లు చున్నీల్లో ముఖాలు దాచుకున్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. అయినా "ఔ" అన్నాడు. మరుసటి వారం నుంచి జేబులో జర్దా డబ్బీ లేదు, సోంపు పొట్లం ఉంది. ఇంట్లో భార్య ఎన్నేళ్లు చెప్పినా మానని అలవాటు. మానిన కొత్తలో ఊరికే చిరాకుపడేవాడు, అయినా మళ్లీ ముట్టలేదు. అప్పటినుంచి పిల్లల్లో ఒక మార్పు చూశాను. ఆయన వచ్చి తమ ముందు గొంతుక్కూర్చుంటే మునుపటిలా నేల జారిందనీ, ఎండ కళ్లలో పడిందనీ సాకులు వెతికేవారు కాదు. తన తప్పు చెప్పించుకున్నవాడు చెబితేనే ఎదుటివాడికి వినబుద్ధవుతుంది. ఇది ఏ పుస్తకంలో ఉందో నాకు తెలియదు, నేను చదివింది తక్కువ.

అఖిల ఒక్కతే మొదటినుంచీ సాకులు చెప్పనూ చెప్పేది కాదు, శుక్రవారం నోరు తెరిచేదీ కాదు. ఆయన ఏం చెప్పినా తల ఊపేది. అందరికంటే బాగా వినేది ఆమేనని ఆయన చాలా కాలం నమ్మాడు. మీ మనుమరాలు బంగారమని నాతో అన్నాడు కూడా. కానీ తప్పు మాత్రం ఉన్నచోటే ఉంది. అవతలి జట్టును తాకి వెనక్కి దూకేటప్పుడు ఎడమ కాలు కర్రలా బిగబట్టి దిగేది. ఆయన చెప్పడం, ఆమె తల ఊపడం, మళ్లీ అట్లాగే దిగడం.

ఒక రోజు ఆ మోకాలు పొంగింది. నొప్పి అంతకుముందు ఎప్పటినుంచో ఉందట. ఇంట్లో చెప్పలేదు, ఆయనకూ చెప్పలేదు, మోకాలికి పట్టీ వేసి పైనుంచి ప్యాంటు తొడిగి ఆడింది. విషయం తెలిసిన సాయంత్రమే స్కూటరు మా వాకిట్లో వాలింది. మంచం వేస్తే కూర్చోలేదు.

"గౌడ్ సాబ్, మీ మనుమరాలు మాట్లాడదా?"

అవసరముంటే మాట్లాడుతుందన్నాను. మా ఇంటి పద్ధతి కూడా చెప్పాను. చెట్టెక్కినవాడు కింద నుంచి మాట వస్తే బదులు చెప్పకూడదు. చెట్టునూ మనిషినీ కలిపి చుట్టిన తాడు ఉంటుంది, మోకు అంటాం, ప్రాణం దాని మీదే. బదులు చెప్పాలంటే తల తిప్పాలి, తల తిప్పితే పట్టు తప్పుతుంది. విను, చెయ్యి, దిగినాక మాట్లాడు. మా నాయన నాకు చెప్పాడు, నేను నా కొడుక్కు చెప్పాను. కొడుకు చెట్టెక్కలేదు, ఆటో నడుపుతున్నాడు. చెట్టు పోయినా పద్ధతి ఇంట్లో మిగిలింది. పెద్దలు ఏదన్నా అంటే మా పిల్లలు నోరు మూసుకుని తల ఊపుతారు. అందులో తప్పేముందని అడిగాను.

ఆయన శుక్రవారం నిలబడినట్టే చేతులు వెనక్కి కట్టుకుని విన్నాడు.

"మరి మోకు జారుతాంటె?"

"అప్పుడు గట్టిగ ఒర్రుతం."

"ఒర్రితె కిందోడు ఏం జేస్తడు?"

"ఏం జేస్తడు. సూస్తడు. కాలు ఎక్కడ పెట్టాల్నో చెప్తడు."

"ఒర్రకుంటె ఏం చెప్తడు?"

నా దగ్గర జవాబు ఉంది. తాటిచెట్టు మీద నోరు మూసుకోవాల్సిందేనన్నాను, ఇప్పటికీ అదే అంటాను. చెట్టు సంగతి వేరు, గ్రౌండు సంగతి వేరు. ఆయన ఔనన్నాడు.

"గది నీకు తెలుసు, నాకు తెలుసు. గా పిల్లకు దిగిన్నని తెల్వది గౌడ్ సాబ్. ఇంక చెట్టు మీదనే ఉన్నది."

మోకాలు తగ్గి అఖిల మళ్లీ ఆటకు పోయిన రోజు నేనూ వెంట వెళ్లాను. ఆయన వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎడమ కాలు మీద దిగేటప్పుడు మోకాలు జర వంచమన్నాడు. ఆమె తల ఊపింది. ఆయన లేవలేదు.

"ఏమిన్నవ్, చెప్పు."

ఆమె నా వైపు చూసింది. నేను ముఖం తిప్పుకున్నాను.

"చెప్పు బేటా. నేనేమన్ననో నువ్వు చెప్పు."

నేల చూస్తూ అంది. "నన్ను ఇంక రావద్దంటున్రు."

గొంతుక్కూర్చున్న మనిషి మట్టిలో చతికిలబడిపోయాడు. ఇన్నాళ్లూ నేను చెప్పిన ప్రతిసారీ ఇదేనా విన్నది అని మెల్లగా అడిగాడు. అవునంది. మోకాలు వంచమనడం పైపై మాట అనీ, అసలు మాట ఇంటికి పంపడమేననీ అనుకుందట. ఆయన మిగతా పిల్లలనూ పిలిచి, నిన్న నేను చెప్పిందేమిటో చెప్పమన్నాడు. ఒక పిల్లకు నువ్వు లావైనవు అని వినిపించింది. ఇంకో పిల్లకు అఖిల నీకంటే మేలు అని వినిపించింది. ఆయన ఎవరితోనూ ఆ మాటలు అనలేదు, నేను సాక్ష్యం.

ఆ రోజు సోంపు కూడా నమలకుండా వెళ్లిపోయాడు. మరుసటి పొద్దున నన్ను చూసి, "నేను చెప్పేదొకటి, వీళ్లు ఇనేదొకటి. నడుమల ఎవడో గూసున్నడు గౌడ్ సాబ్," అన్నాడు. ఆ కూర్చున్నవాణ్ని లేపడమే తర్వాత ఆయన చేసిన పని. ఏ తప్పు చెప్పినా చివర "ఏమిన్నవ్?" అని ఆగేవాడు. ముందు ఆయన అన్నది తిరిగి చెప్పాలి. తాను అనుకున్నది తర్వాత చెప్పుకోవచ్చు, కోపమున్నా చెప్పుకోవచ్చు. వరుస మాత్రం తప్పకూడదు. అఖిలకు ఇది కష్టమైంది. కొన్ని రోజులు ఆమె నోరు తెరిచేదాకా ఆయన మట్టిలోనే కూర్చునేవాడు, మిగతా పిల్లలు విసుక్కునేవారు. మెల్లమెల్లగా మాట వచ్చింది. మాట వచ్చాక మోకాలూ వంగింది. ఆ తర్వాతే ఆయన ఆమె దగ్గర మాట తీసుకున్నాడు, మోకాలు పట్టిన రోజు ఎంత పెద్ద ఆట ఉన్నా నోరు తెరిచి చెప్పాలని. ఆమె ఆ మాటను ఒక్క ముక్క పోకుండా తిరిగి చెప్పింది.

ఇంతా చేసిన మనిషి తన విషయం వచ్చేసరికి ఏం చేశాడో అదీ రాయాలి. వానల ముందు నేను బీపీ గోలీల కోసం జగిత్యాల ఆసుపత్రికి పోతే, ఆయన గుండె డాక్టరు గదిలోంచి బయటికి వస్తున్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది. రోడ్డు అవతల హోటల్లో చాయ్ తాగుదామని తీసుకుపోయాను. డాక్టరు ఏమన్నాడని అడిగితే ఏం లేదు, జర ఆరాం చెయ్యమన్నాడు అన్నాడు. నేను వదిలే మనిషిని కాదు.

"డాక్టర్ అన్నది ముందు చెప్పున్రి సాబ్. మీరనుకున్నది తర్వాత."

నవ్వాడు. చాయ్ సాసరులో పోసుకున్నాడు కానీ పెదవి దాకా తీసుకుపోలేదు. నేను ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాను. చివరికి వేలెత్తాడు.

"కల్," అన్నాడు.

ఇంటికి పోయి అఖిలకు చెప్పాను. ఆ శుక్రవారం, అన్ని శుక్రవారాలూ మూగగా ఉన్న పిల్ల, మొదటిసారి లేచి నిలబడి, సార్ మీరు డాక్టర్ మాట వినడం లేదని చెప్పింది. ఆయన గడ్డం దించి "ఔ" అన్నాడు. మరుసటి పొద్దున స్కూటరు ఎప్పటిలాగే వచ్చింది, ఆ తర్వాత కూడా వచ్చింది. జర్దా మానిన మనిషి గ్రౌండు మానలేకపోయాడు. ఆయన అన్న 'ఔ'లలో అదొక్కటే ఉత్తిదైంది. స్కూటరు చప్పుడు వినబడేదాకా ప్రతి పొద్దునా నా చెవి దారి మీదే ఉండేది. ఒక పొద్దున వినబడలేదు.

సిరిసిల్లలో గ్రౌండు దాకా మరమగ్గాల చప్పుడు వస్తోంది. పిల్లలు వరుసలో నిలబడ్డారు. సెలక్షన్ మేడం చిన్న వయసు మనిషి, తల మీద టోపీ, నిలకడ లేకుండా అటూ ఇటూ తిరుగుతోంది. అందరూ ఫిట్టేనా అని అడిగింది. నేను గ్రౌండు చుట్టూ కట్టిన తాడు ఇవతల నిలబడి అఖిల తలనే చూస్తున్నాను. అందరి తలలూ ఊగాయి. ఆమె తల కూడా ఊగింది.

అయిపోయింది, ఆ మాట ఆయనతోనే పోయింది అనుకున్నాను. గట్టిగా అరుద్దామా అనిపించింది. అరిస్తే పిల్ల పరువు పోతుంది. అరవకుంటే మోకాలు పోతుంది. మిగతా పిల్లలు గ్రౌండు చుట్టూ పరుగు మొదలుపెట్టారు. అఖిల కదలలేదు. ఉన్నచోటే నిలబడి, చున్నీ లేని భుజాన్ని చేత్తో తడుముకుంది. తర్వాత మేడం దగ్గరికి నడిచింది.

"మేడం, నా ఎడమ మోకాలు పట్టింది. పొద్దుగాల్నుంచి."

ఇప్పుడే కదా తల ఊపావని మేడం విసుక్కుంది. మోకాలు నొక్కి చూసింది, ఒంటికాలి మీద కూర్చుని లేవమంది. అఖిల లేవలేకపోయింది. మేడం గబగబా ఏదో చెప్పి, బెంచీ వైపు చెయ్యి చూపి, వెనక్కి తిరిగింది. మునుపైతే అఖిల తల ఊపి వచ్చేసేది.

"మేడం, నేనేమిన్ననో చెప్త. సరిగ్గ ఇన్ననో లేదో సూడున్రి."

మేడం ఆగింది. ఇట్లా ఆమెను ఎవరూ ఆపి ఉండరు.

"నన్ను తీసేసిన్రు," అంది అఖిల.

"తీసేసిన అన్ననా?" మేడం టోపీ తీసి నుదురు తుడుచుకుంది. "ఈ పూటకు కూసొమన్న. నీ ఆట సూడకుంట ఎట్ల తీసుకుంట, ఎట్ల తీసేస్త? కాలు తగ్గినంక జగిత్యాలకు రా, అక్కడ సూస్త అన్న."

అఖిల ఈసారి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు తిరిగి చెప్పింది. మేడం సరేనని తల ఊపి పిల్లల వైపు వెళ్లింది. జగిత్యాలలో నిజంగా చూస్తారో లేదో, అప్పటికి మోకాలు తగ్గుతుందో లేదో నాకు తెలియదు. ఇది రాస్తున్నప్పటికీ తెలియదు.

వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది. ఎదురుగా కూతలు వినిపిస్తున్నాయి. ఇక ఆట లేదు కదా, చెప్పాలి.

"సార్ పోయిండు బిడ్డా."

"తెలుసు తాత. నిన్ననే వాట్సాప్ గ్రూపుల అచ్చింది." నా వైపు తిరగలేదు. "నువ్వు బస్టాండ్ల ఫ్లెక్సీ సదువుతాంటె సూసిన. నువ్వే చెప్తవని వేములవాడ దాక సూసిన."

ఒకే బస్సులో, ఒకే సీట్లో, ఇద్దరం చెరో చెట్టు మీద కూర్చుని వచ్చాం. కింద ఎవరూ లేరు.

నేను బెంచీ దిగాను. నా మోకాళ్లూ అంత మంచివేం కావు, చేతులు ఆనించి మెల్లగా ఆమె ముందు మట్టిలో కూర్చున్నాను. లే తాతా, అందరూ చూస్తున్నారంది. చూడనీ అన్నాను. మోకాలు ఎట్లా ఉందో మొదటి నుంచి చెప్పమన్నాను. ఎక్కడ పడుతుందో, ఎప్పుడు పడుతుందో, ఎప్పటినుంచి మళ్లీ మొదలైందో చెప్పింది. సార్ ఆసుపత్రిలో చేరిన రోజు దగ్గరికి వచ్చేసరికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చెప్పింది. అయిపోయాక, నేనేం విన్నానో తిరిగి చెప్పాను.

"తప్పు చెప్పినవ్ తాత," అంది ముక్కు తుడుచుకుంటూ. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.